సిమ్ స్లాట్ లేని ఫారిన్ ఫోన్లు

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి పిల్లలు తెచ్చే ఫోన్ల గురించి మీ పేపర్లో ఒకసారి వివరంగా రాయండి అని అడగడానికే ఈ ఉత్తరం. మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తే ఎందుకు అడుగుతున్నానో మీకే తెలుస్తుంది.

మా అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ నాకు ఐఫోన్ 16 తెచ్చాడు. వాడున్న పది రోజులూ పెళ్లిళ్లకీ గుళ్లకీ చుట్టాలకీ సరిపోయింది, బాక్స్ బీరువాలోనే ఉండిపోయింది, వాణ్ణి ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాక తీరిగ్గా తీశాం. సిమ్ వేద్దామంటే స్లాట్ ఎక్కడా కనపడదే. ఒక పక్క అంచున కోలగా చిన్న మచ్చలాంటిది ఉంది, ఇదే అయ్యుంటుందని మా ఆవిడ పిన్నీసుతో గుచ్చడం మొదలెట్టింది. తీరా చూస్తే అది యాంటెన్నా తాలూకు కిటికీ అట, అమెరికాలో వాడే ఒక రకం 5జీ కోసం పెట్టింది. పిన్నీసు గీత ఇంకా అలాగే ఉంది దాని మీద.

2022లో ఐఫోన్ 14 వచ్చినప్పటి నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి స్లాటే తీసేశారు, అంతా ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్లోనే ఎక్కించే సిమ్. మన దగ్గరా ఈసిమ్ ఇస్తారు, కాదనట్లేదు. కానీ నాది ఇన్నాళ్లూ బటన్ల ఫోను. దాన్నుంచి మెసేజ్ పెడితే మెయిల్‌కి క్యూఆర్ కోడ్ వస్తుందన్నారు, ఆ మెయిల్ ఎప్పుడో మా వాడు పెట్టింది, పాస్‌వర్డ్ వాడికే తెలుసు, వాడేమో విమానంలో ఉన్నాడు. స్టోర్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు ఫోన్ అటూ ఇటూ తిప్పి "అమెరికా పీస్ కదా అంకుల్, మాకు ఐడియా లేదు" అని చేతిలో పెట్టేశాడు. మర్నాడు మా వాడు పాస్‌వర్డ్ చెప్పాక జెరాక్స్ షాపులో మెయిల్ తెరిచి, ఆ కోడ్‌ని కాగితం మీద ప్రింట్ తీయించి, షాపు అబ్బాయి హాట్‌స్పాట్ ఇస్తే, అప్పుడు స్కాన్ చేశాం. సిగ్నల్ గీతలు రాగానే ఆ అబ్బాయి నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

అక్కడితో అయిపోలేదు. సిమ్ మారిస్తే 24 గంటలు మెసేజ్‌లు ఆపేస్తారు. మోసాలు జరక్కుండా పెట్టిన రూలే, తప్పుపట్టను, కానీ ఆ ముక్క ముందు చెప్పినవాళ్లు లేరు. ఆ రోజే గ్యాస్ బండ వచ్చింది, గుమ్మంలో నిలబడి "ఓటీపీ చెప్పండి సార్" అంటాడు, నా దగ్గరేముంది చెప్పడానికి, బండ మళ్లీ ఆటో ఎక్కింది.

పోనీ డబ్బులైనా బోలెడు మిగిలాయా అంటే అదీ లేదు. ఆ ఫోన్ విడుదలైనప్పుడు అక్కడ 799 డాలర్లు, డల్లాస్‌లో 8.25 శాతం ట్యాక్స్ కలిపితే 865, డాలర్ 85 చొప్పున వేసినా 73 వేలు దాటింది. ఇక్కడ అదే ఫోన్ 79,900కి వచ్చింది, రెండు సిమ్‌లూ పడతాయి, ఒకటి మామూలు సిమ్ ఒకటి ఈసిమ్. పండగ సేల్స్‌లో ఇంకా తగ్గుతుంది కూడా. ఆరేడు వేల కోసం ఇంత తిరుగుడు అవసరమా అని నాకనిపిస్తుంది, మా వాడితో మాత్రం అనలేదు, ప్రేమగా తెచ్చాడు కదా.

మా తోడల్లుడి కూతురు తెచ్చింది ఇంకా అన్యాయం. అక్కడి నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల మీద కొన్న ఫోన్, బాకీ తీరేదాకా వేరే కంపెనీ సిమ్‌ని దగ్గరికి రానివ్వదు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌లోకి వెళ్తే క్యారియర్ లాక్ అని ఒక లైన్ ఉంటుంది, దాని పక్కన నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉంటేనే మనకి పనికొచ్చేది. విమానం ఎక్కేముందు అరనిమిషం పని.

ఇదేదో అమెరికా వాళ్ల గొడవ అనుకోవద్దు. 2025లో వచ్చిన ఐఫోన్ 17ని సౌదీ, దుబాయ్, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లలో కూడా స్లాట్ లేకుండానే అమ్ముతున్నారు. కోనసీమ నుంచి, జగిత్యాల నుంచి వెళ్లినవాళ్లు ఇంట్లోవాళ్ల కోసం తెచ్చేది అక్కడివే, జెరాక్స్ షాపు అబ్బాయి లాంటివాడు ప్రతి ఊళ్లో దొరకడు. అందుకే మీరు రాయండి, అలాగే సిమ్ కంపెనీల వాళ్లు చిన్న ఊళ్ల స్టోర్లలో కూడా ఈసిమ్ అక్కడికక్కడే ఎక్కించి ఇచ్చేలా కుర్రాళ్లకి నేర్పాలి.

సంక్రాంతికి వస్తూ వాళ్లమ్మకి బీపీ మెషిన్ తెస్తానంటున్నాడు మా వాడు. కిందటిసారి తెచ్చిన ట్రిమ్మర్ ఛార్జర్ మీద 120 వోల్ట్స్ అని ఉన్నా చూసుకోక మన 230 ప్లగ్గులో పెట్టాను, కాలిన వాసన రెండ్రోజులు పోలేదు. అందుకని కొనేముందు అడాప్టర్ మీద ఇన్‌పుట్ ఎంతని రాసుందో ఫొటో తీసి పంపరా అన్నాను, ఇంకా పంపలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, భీమవరం