చలికాలమైనా నీళ్లు మోయాల్సిందే

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం సంచికలో అమెరికా ఎడారి పార్కుల మీద వేసిన వ్యాసం చదివాను. డెత్ వ్యాలీకి చలికాలంలో వెళ్తే హాయిగా ఉంటుందనీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లొచ్చనీ రాశారు. ఫొటోలు బాగున్నాయి. కానీ అంత పెద్ద వ్యాసంలో నీళ్ల ఊసే లేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది రెంటచింతల. ఏటా మే నెలలో మీ పేపరు మొదటి పేజీకెక్కే ఊరు. పైగా నేను కంసాలిని. నలభై ఏళ్లు కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదినవాణ్ణి. లాస్ ఏంజెలెస్ దగ్గరుండే మా అబ్బాయి పోయిన ఫిబ్రవరిలో టెంటూ దుప్పట్లూ కారులో పడేసి డెత్ వ్యాలీకి పోదామంటే, ఎండ గురించి మనకు వీడు చెప్పేదేమిటని నవ్వుకున్నాను. 1913లో అక్కడ 56.7 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ రికార్డు. అది జూలై మాట. మేం వెళ్లినప్పుడు మాత్రం మన సంక్రాంతి పొద్దులా ఉంది, స్వెట్టరు విప్పబుద్ధి కాలేదు.

రెండోరోజు పొద్దున గోల్డెన్ కాన్యన్‌లో నడక. పేరు వినగానే నేనే ముందు కారు దిగాను, బంగారం పనివాణ్ణి కదా. రెండుపక్కలా పసుపుపచ్చ మట్టి గోడలు, నడుమ గులకరాళ్ల దారి. లోపలికి పోయి, గోవర్ గల్చ్ అనే వాగుదారిన చుట్టి వస్తే దాదాపు ఏడు కిలోమీటర్లు. అబ్బాయి రెండు లీటర్ల సీసా చేతిలో పెడితే "ఈ చలికి ఇన్ని నీళ్లేంట్రా" అని సీట్లోనే వదిలేసి, అర లీటరు సీసా ఒకటి జేబులో దోపుకున్నాను. కాసేపటికి మనవడు ముందుకు ఉరికితే, "మీరు పదండి, నేను మెల్లగా వస్తా" అని వాళ్లనూ పంపించేశాను.

మన పల్నాడు ఎండలో చెమట కారుతుంది, చొక్కా వీపుకంటుకుంటుంది, దాహం తన్నుకొస్తుంది. అక్కడ గాలి ఎంత పొడి అంటే, చెమట పట్టిందని మనకు తెలిసేలోపే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కాబట్టి ఒంట్లో నీళ్లు పోవడం లేదనుకున్నాను. గంటన్నర దాటాక పెదాలు అతుక్కుపోయాయి. నుదురు రుద్దుకుంటే వేళ్లకు గరుగ్గా తగిలింది. నాలుక మీద వేసుకుంటే ఉప్పు. ఆ తర్వాత పిక్కలు పట్టేశాయి, కళ్లు బైర్లు కమ్మాయి. సీసా ఎప్పుడో ఖాళీ. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు.

గోడ నీడన కూలబడి ఉంటే, అటుగా వస్తున్న ఒక తెల్లావిడ, నా ఈడుదే, ఆగింది. నా చేతి వెనక చర్మం పట్టి లాగి వదిలింది. లేచిన మడత అలాగే నిలబడింది. ఆవిడ ఏమీ అనలేదు. తన సంచిలోంచి నీళ్లు గుక్క గుక్కగా తాగించి, ఉప్పు వేరుశనగ గింజలు నా దోసిట్లో పోసి, మావాడు వెతుక్కుంటూ వెనక్కి వచ్చేదాకా నా పక్కనే కూర్చుంది. నేను వేసుకునే బీపీ మాత్ర కూడా ఒంట్లో నీళ్లు లాగేసే రకమని ఇంటికొచ్చాక మా డాక్టరు చెప్పాడు. అది ముందే అడగాల్సింది.

సాయంత్రం హార్మనీ బోరాక్స్ వర్క్స్ చూశాం. బోరాక్స్ అంటే మన వెలిగారం. అతుకు పెట్టేటప్పుడు ఇన్నేళ్లుగా చిటికెడు చిటికెడు వాడిన సరుకు ఒకప్పుడు ఈ ఎడారి నేల మీద చెక్కులు కట్టి దొరికేదట. 1880లలో పద్దెనిమిది కంచర గాడిదల్నీ రెండు గుర్రాల్నీ కట్టి, 265 కిలోమీటర్ల దూరాన ఉన్న రైలుకు పది రోజులు తోలేవారట. రెండు బళ్ల నిండా వెలిగారం, వెనక మూడో బండి మొత్తం నీళ్లే, దాదాపు 4,500 లీటర్లు. వెలిగారం మోసినవాళ్లకున్న బుద్ధి వాడినవాడికి లేకపోయింది!

ఆ రాత్రి టెంటు ఫర్నెస్ క్రీక్‌లో, సముద్రమట్టానికి అరవై మీటర్ల దిగువన. తెలుగులో చెప్పాలంటే కొలిమి వాగు. పేరుకే కొలిమి, రాత్రికి రెండు దుప్పట్లు చాలలేదు. పక్కనున్న మెస్కీట్ చెట్టు కాయ చూస్తే మన సర్కారు తుమ్మకు చుట్టమని తెలిసిపోతుంది. అక్కడి టింబిషా షోషోనీ ఆదివాసులు ఆ కాయలు దంచుకుని తినేవారట. మా ఆవిడ ఆకాశంలో గొల్లకావడి చుక్కలు ఎక్కడున్నాయో మనవడికి చూపించింది. మా ఊళ్లో వీధిదీపాలు వచ్చాక అంత స్పష్టంగా నేనెన్నడూ చూడలేదు. కాబట్టి వెళ్లొద్దని నేననను. మళ్లీ పిలిస్తే మళ్లీ పోతాను.

మీకు నా మనవి ఒక్కటే. ఇలాంటి వ్యాసం మళ్లీ వేసినప్పుడు, మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీళ్లని ఆ పార్కువాళ్లే చెప్పే లెక్కను ఫొటోల కంటే ముందు వేయండి. సీసా సగమయ్యాక ముందుకు కాదు, వెనక్కి నడవాలని కూడా రాయండి. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు మీ పేపరు కత్తిరించి పాస్‌పోర్టులో పెట్టుకుంటారు. నేనూ అలా పెట్టుకున్నవాణ్ణే.

వెలిగారం ముక్క ఒకటి తెచ్చుకుందామని వంగితే, ఇక్కడి రాయి కూడా ముట్టకూడదని మనవడు చెయ్యి పట్టుకుని ఆపాడు. మా బజారులో షావుకారు పొట్లం కట్టిచ్చే వెలిగారమే ఇప్పటికీ వాడుతున్నాను.

ఇట్లు,
మీ పాత చందాదారు,
రెంటచింతల, పల్నాడు జిల్లా