స్వాతికి నాయన రాయునది

నెల్లూరు

అమ్మా స్వాతీ,

ఆదివారం ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతా ఉంది. "ఇంత చదివి చివరికి మ్యూజియంలో బడిపిల్లలకు చుక్కలు చూపించే ఉద్యోగమా నాయనా" అన్నావు. 36 ఏళ్ళు బడిపిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన వాడితోనా ఆ మాట! కోపం లేదులే.

నీ మాటకు జవాబుగా ఒకాయన కథ చెప్తా విను. ఫిలిప్ ఫాక్స్ అని ఖగోళ శాస్త్రవేత్త. 1878లో అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం మన్‌హాటన్‌లో పుట్టాడు. న్యూయార్కులోది కాదు, అది వేరే. 1909 నుంచి 20 ఏళ్ళు షికాగో పక్కన నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ప్రొఫెసరు, అక్కడి డియర్‌బోర్న్ అబ్జర్వేటరీకి డైరెక్టరు. 1862లో సిరియస్ అనే చుక్కకున్న తోడుచుక్కను మొదట చూసింది అక్కడి పెద్ద దుర్భిణీ అద్దంలోంచే. ఫాక్స్ దాంతో ఏళ్ళ తరబడి జంటతారల మధ్య ఎడం కొలిచాడు. ఆ చలిలో, ఒక్కో జంటనే. మీ గైడు మెచ్చుకునే రకం పని.

1929లో అదంతా వదిలేసి, షికాగోలో జనానికి లోకప్పు మీద చుక్కలు చూపించే ఆడ్లర్ ప్లానిటోరియానికి మొదటి డైరెక్టరుగా పోయాడు. అప్పటికి యాభై దాటింది. మరుసటేడు తెరిస్తే, అమెరికా ఖండాల్లో అదే మొదటి ప్లానిటోరియం.

1933లో షికాగోలో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. ఆడ్లర్ ఉండేదీ ఆ మైదానంలోనే. ఆరంభం నాడు లైట్లు వెలిగించింది ఏ మంత్రిగారో కాదు, ఒక నక్షత్రం! దుర్భిణీలతో దాని వెలుగు పట్టి, ఫోటోసెల్‌తో కరెంటుగా మార్చి, తీగల మీద పంపారు. వాళ్ళు ఆర్క్‌టరస్ అంటారు, మన స్వాతి. ఎందుకు దాన్నే ఎంచుకున్నారంటే, 1893లో అదే ఊళ్ళో జరిగిన ఎగ్జిబిషన్ నాడు బయల్దేరిన వెలుగు 40 ఏళ్ళకు చేరిందని వాళ్ళ లెక్క. తర్వాత కొలిస్తే 37 ఏళ్ళే తేలింది. అయినా లైట్లయితే వెలిగాయి గదా! 1937లో ఫాక్స్ అక్కడి సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియానికి డైరెక్టరయ్యాడు. అదుండే భవనం ఆ 1893 నాటిదే.

నీకు గుర్తుందో లేదో, అయిదో తరగతిలో అడిగావు: "స్వాతి కార్తెలో స్వాతి చుక్క కనపడదేంది నాయనా?" బయట వాన. మిద్దె మీదికి పోలేక వసారాలోనే గూడూరు నిమ్మకాయను సూర్యుడిని చేసి, కార్తె అంటే సూర్యుడు ఆ చుక్క దిక్కున ఉండే రోజులని, అందుకే దాని వెలుగు పగటిలో కలిసిపోతుందని చూపించా. నువ్వు నిమ్మకాయ చుట్టూ మూడుసార్లు తిరిగి, నాలుగోసారి "ఆఁ" అన్నావు. నువ్వు ఎమ్మెస్సీ దాకా పోయింది ఆ "ఆఁ" వల్లే అని నా అనుమానం. మీ అమ్మ ఒప్పుకోదు, లెక్కలు తను చెప్పబట్టే అంటుంది.

చేరేదీ మానేదీ నీ ఇష్టం. మే నెలలో మాత్రం రా. రాత్రి పదిన్నరకు స్వాతి మన మిద్దె మీద నడినెత్తికొస్తుంది. ఇప్పుడు కనపడే వెలుగు నేను ఉద్యోగంలో చేరిన ఏడు బయల్దేరింది. చేపల పులుసు సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. మన దుర్భిణీ అద్దానికి బూజు పట్టింది, తుడిచే మెత్తటి గుడ్డ అక్కడ దొరికితే తీసుకురా.

మీ నాయన