ఆ లారీ ఎందుకు ఆగి ఉందో కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’. మీ పత్రిక జిల్లా పేజీలో ఈ హెడ్డింగ్ నెలకు ఎన్నిసార్లు చూస్తానో లెక్కలేదు. ఊరి పేరు, చనిపోయినవాళ్ల సంఖ్య మార్చి పాత వార్తే మళ్లీ వేస్తున్నారా అనిపిస్తుంది. కింద ఒకటే మాట ఉంటుంది: డ్రైవర్ నిద్రమత్తే కారణమని అనుమానం. కారు నడిపినాయన పోయాడు కాబట్టి కాదనేవాళ్లు ఉండరు. లారీ అక్కడ ఎందుకు ఆగింది, రోడ్డు మీదే ఉందా పక్కకు దిగిందా, వెనక లైటు వెలుగుతోందా, ఇవేవీ రాయరు.

నేను 26 ఏళ్లు లారీ నడిపాను. జగ్గయ్యపేట వైపు నుంచి హైదరాబాద్‌కు సిమెంటు, తిరుగు లోడు ఏది దొరికితే అది. ఈ హైవే 9వ నంబరుగా ఉన్న రోజుల నుంచి 65 అయ్యాక కూడా తిరిగాను. మోకాళ్లు అరిగి మానేశాను. లారీవాళ్ల తప్పులూ తెలుసు, కారువాళ్ల తప్పులూ తెలుసు.

ముందు నా తప్పు చెప్తాను. 2013లో ఒక రాత్రి సూర్యాపేట దాటాక బ్రేకులకు వెళ్లే గాలి పైపు పగిలి ఎయిర్ మొత్తం దిగిపోయింది. చాలా లారీల్లో ఎయిర్ దిగితే వెనక బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ఇంజన్ ఎంత రైజ్ చేసినా బండి అంగుళం కదలదు. ‘పక్కకు తీసుకోవచ్చు కదా’ అని అందరూ అంటారు గానీ, అది అంత తేలిక కాదు. వెనక ఒక లైటు ముందునుంచే పోయి ఉంది. క్లీనర్ కుర్రాడు తుమ్మకొమ్మలు విరుచుకొచ్చాడు, ఇద్దరం రాళ్లు పేర్చాం. ఒక కారు ఆ కొమ్మల్లోకి దూసుకొచ్చి, పక్కకు తప్పుకుని డివైడర్‌కు రాసుకుని ఆగింది. అందులోంచి దిగినాయన నా కాలర్ పట్టుకున్నాడు. నేను ఏమీ అనలేదు. ఎందుకంటే రోడ్డు మీద పెట్టాల్సిన ఎర్ర త్రికోణం బోర్డు నా సీటు కిందే ఉంది, కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా. బండి ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లినప్పుడు చూపించడానికి కొన్నది అది. తెల్లవారి బండి బాగయ్యాక కొమ్మలు లాగేశాం గానీ రాళ్లు అక్కడే వదిలేసి వచ్చాం. ఆ రాళ్ల మీదకు తర్వాత ఏ బైకు ఎక్కిందో నాకు తెలియదు.

ఇక నిద్రమత్తు సంగతి. 80 వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. డిమ్ లైటులో కనపడేది ఏ 40, 50 మీటర్లో. ఎదురుగా ఏదో ఉందని తోచి కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికే సెకనున్నర అవుతుంది. అంటే 33 మీటర్లు అయిపోయినట్టే. మిగిలిన పది పదిహేను మీటర్లలో ఏ కారూ ఆగదు. దుమ్ము పట్టిన లారీ వెనక భాగం రాత్రిపూట రోడ్డు రంగులో కలిసిపోతుంది. పూర్తిగా మెలకువగా ఉన్నవాడు కూడా గుద్దుతాడు. కేంద్ర రవాణా శాఖ 2022 లెక్కల ప్రకారం దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనక నుంచి గుద్దినవే. అందరూ నిద్రపోతూ నడిపినవాళ్లేనా?

లైటు పడితే మెరిసే రేడియం స్టిక్కర్లు లారీ వెనక ఎర్రవి, పక్కన పసుపువి, ముందు తెల్లవి ఉండాలని రూలు. ఫిట్‌నెస్ నాటికి కొత్తవి అంటిస్తారు, ఆ తర్వాత బురద అంటుకుంటే తుడిచేవాళ్లు ఉండరు. తడిగుడ్డతో రెండు నిమిషాల పని. వెనక కింద అడ్డంగా ఉండే బంపర్ అంతకన్నా ముఖ్యం. అది వంగిపోయినా, ఊడిపోయినా కారు ముందు భాగం లారీ కిందకు దూరిపోతుంది, దెబ్బ నేరుగా అద్దానికీ తలకూ తగులుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్నా అప్పుడు పెద్దగా ఉపయోగం ఉండదు.

కారు, బైకు నడిపేవాళ్లకూ ఒక మాట. లారీకి ఎడమవైపును మేం క్లీనర్ సైడ్ అంటాం. మా రోజుల్లో అక్కడ ఒక మనిషి కూర్చుని తలుపు మీద చేత్తో కొట్టి చెప్పేవాడు. ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది ఓనర్లు క్లీనర్‌ను తీసేశారు. డ్రైవర్ ఒక్కడే ఉంటాడు, ఎడమవైపు క్యాబిన్ పక్కనే ఉన్న బైకు అతనికి కనపడదు. లారీ పక్క అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనపడకపోతే మీరూ అతనికి కనపడనట్టే. పొడుగు బండి ఎడమకు తిరగాలంటే ముందు కుడికి జరగాలి. దారి ఇచ్చాడనుకుని ఆ సందులో దూరకండి. టోల్‌గేటు ముందు లారీకి అడ్డంగా వచ్చి బ్రేకు వేయడం కూడా అలాంటిదే. పది టైర్ల బండి సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉంటుంది, మీ కారు ఆగినంత దూరంలో అది ఆగదు.

ఇంతకీ లారీలు రోడ్డు వారన ఆగేది అన్నిసార్లూ చెడిపోయే కాదు. నిద్ర ఆపుకోలేక కూడా ఆగుతాయి. రోజుకు 8 గంటలకు మించి పని చేయించకూడదని 1961లోనే చట్టం చేశారు. నా 26 ఏళ్లలో దాన్ని పాటించిన ఓనర్ నాకు తగల్లేదు. ఆపుకోవడానికి స్థలం ఉన్న చోట నిద్ర రాదు, నిద్ర వచ్చిన చోట స్థలం ఉండదు.

చీకట్లో ఆగిన లారీ కనపడితే ఎవరైనా 1033కి ఫోన్ చేయవచ్చు. అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్, రాత్రింబగళ్లు పనిచేస్తుంది. లారీ డ్రైవరే చేయాలని లేదు.

మీ పత్రికను అడిగేది ఒకటే. ఈసారి అలాంటి ప్రమాదం జరిగితే లారీ ఎంతసేపటి నుంచి అక్కడ ఉంది, ఎవరైనా ఫోన్ చేశారా, చేస్తే ఎప్పుడు వచ్చారు అన్నది కనుక్కుని రాయండి. మీ విలేకరిని లారీ వెనక వైపు కూడా ఒక ఫొటో తీయమనండి, ఫ్లాష్ వేసి. రేడియం ఉందో లేదో అందులో తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక మాజీ లారీ డ్రైవర్,
కోదాడ