కొర్లపహాడ్ దగ్గర వణుకు

చిరంజీవి బుజ్జికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అంతా బాగున్నాం. అమ్మ మాగాయ పెట్టింది, చిన్న జాడీ నీది. రవి మొన్న వచ్చాడు. విజయవాడ వెళ్తూ కొర్లపహాడ్ టోల్ గేటు ముందు బ్రేకు తొక్కితే స్టీరింగ్ గడగడా వణికిందని వాడికి ఫోన్ చేసి చెప్పావట. నాకు చెప్పలేదు. విజయవాడ వెళ్ళావంటే మన సూర్యాపేట మీదుగానే కదా, ఇంట్లో ఆగనైనా లేదు. సరే, పని తొందరేమో. నేనేమీ అనటం లేదు.

వణికింది చేతుల్లోనా, సీటు కిందా? చేతుల్లో అయితే ముందు చక్రాల బ్రేకు డిస్కులు. సీటు అదిరితే వెనకవి చూడాలి. బ్రేకు తొక్కకపోయినా తొంభైలో వణుకుతుంటే మొదట వీల్ బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు అన్నివైపులా సమంగా ఉందో లేదో, చూపించు. పెడల్ కూడా కాలిని ఎగదన్నుతోందంటే డిస్కు మందం అన్నిచోట్లా ఒకలా లేనట్టు. వానలో గట్టిగా తొక్కినప్పుడు టకటకా కొట్టేది మాత్రం చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్, దానికి భయపడకు.

నువ్వు వెనక సీట్లో వాంతి చేసుకున్న మన తెల్లకారుకూ ఇదే జబ్బు. బ్యాలెన్సింగ్ చేయించాను, ముందు టైర్లు రెండూ మార్చాను, తగ్గలేదు. డబ్బు మిగులుతుందని కొత్త డిస్కులు నేనే బిగించుకున్నాను. మూడు నెలలు హాయిగా నడిచింది, మళ్ళీ మొదలు. షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రీ డిస్కు ఊడదీసి, డిస్కు కూర్చునే హబ్ మీద గోటితో గీసి నా ముఖం ముందు పెట్టాడు. గోట్లో ఎర్రగా తుప్పు. ఆ పొర తుడవకుండా బిగించాను కాబట్టి డిస్కు రవ్వంత వంకరగా తిరిగిందట. డిస్కును నొక్కే ప్యాడ్‌కు ఒకేచోట రాసుకుని అక్కడే అరిగింది. వైరు బ్రష్‌తో హబ్ రుద్ది, డిస్కును లేతు పట్టించి సమం చేసి, నట్లు ఎదురెదురుగా బిగించి పంపాడు. టైర్ల ఖర్చు దండగని అమ్మకు ఇప్పటికీ తెలియదు, నువ్వు ఎత్తకు.

అందుకే, డిస్కులు మార్చేద్దామని ఎవరైనా అనగానే తలూపకు. డిస్కు వంకర కొలిచే డయల్ గేజ్ పెట్టి చూడమను. సాధారణంగా ముల్లు 0.05 మిల్లీమీటర్లు దాటి ఊగకూడదు. కనీస మందం డిస్కు మీదే అచ్చువేసి ఉంటుంది, లేతు పట్టాక అంతకు తగ్గితే పనికిరాదు. ప్యాడ్లను పట్టుకునే కాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయేమో చూడమను. హైవే దిగి నేరుగా వాటర్ వాష్‌కు పెట్టే అలవాటు మానుకో, కాలిన డిస్కు మీద చన్నీళ్ళు పడకూడదు. టోల్ గేటు ముందు గట్టిగా ఆపాక పెడల్ అదిమి కూర్చోకు, వేడికి ప్యాడ్ మచ్చ డిస్కుకు అంటుతుంది. ఇవన్నీ ఫోన్‌లో చెప్పేవాణ్ణే, "బిజీ నాన్నా" అని మెసేజ్ పెట్టావు. పదిహేను రోజులైంది.

రవికి బ్రేకుల గురించి ఏం తెలుసని వాడికి చేశావో!

ఆదివారం రా. ఎనభై దాటకు, టోల్ గేటు కనపడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయ్. భోజనానికి ముందే చక్రాలు విప్పుదాం. వైరు బ్రష్ కొత్తది తెచ్చిపెట్టాను.

నాన్న