హోప్ ఐలాండ్‌ను ఇసుక మేటగానే ఉండనివ్వండి

గౌరవనీయులైన ఉప ముఖ్యమంత్రి, అటవీ పర్యావరణ శాఖల మంత్రి పవన్ కల్యాణ్ గారికి,

నమస్కారాలు.

కాకినాడలో పర్యాటకం మాట ఎప్పుడు ఎత్తినా హోప్ ఐలాండ్ పేరు ముందుకొస్తుంది. కాటేజీలు, జెట్టీ, నీళ్ల మీద ఆటలు... ప్రభుత్వాలు మారినా ఈ ఆలోచన మాత్రం పోలేదు. అంత అందమైన దీవిని ఊరికే వదిలేశారేమిటని అడిగేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. వాళ్లు ఉద్యోగాల కోసం, వ్యాపారం కోసం అడుగుతున్నారు, అందులో తప్పేమీ లేదు. ఆ దీవి ఇప్పటికే మాకు ఏం చేసిపెడుతోందో మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

హోప్ ఐలాండ్ కింద రాయి లేదు. గోదావరి గౌతమి పాయ సముద్రంలో కలిపిన ఇసుకను తీరం వెంట నడిచే ప్రవాహం ఉత్తరానికి ఈడ్చుకొచ్చి మేట వేసింది. గత రెండు వందల ఏళ్లలోనే పుట్టి, ఏటా కాస్త కాస్త సాగుతూ, సుమారు 16 కిలోమీటర్ల పొడవైంది. ఆ మేటకూ మన ఒడ్డుకూ మధ్య చిక్కిన నీళ్లే కాకినాడ అఖాతం. బయట సముద్రం ఎంత పోటు మీదున్నా లోపల ఓడలు లంగరేసి నిలబడగలుగుతున్నాయంటే ఆ ఇసుక అడ్డం ఉండబట్టే. తూర్పు తీరంలో సురక్షితమైన సహజ రేవుల్లో ఒకటని కాకినాడకు పేరు రావడానికి కారణం అదే. అలాంటి అడ్డుకట్టను మనం సొంతంగా కట్టాలంటే ఎన్ని వందల కోట్లవుతాయో మీ ఇంజనీర్లను అడగండి.

ఆ అడ్డం విలువ ఏమిటో కాకినాడ పక్కనున్న కోరంగి చరిత్ర చెబుతుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరది. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో మరొకటి వచ్చాక ఆ రేవు మళ్లీ కోలుకోలేదు. అంత వెనక్కి ఎందుకు, 1996 నవంబరు 6 రాత్రి భైరవపాలెం దగ్గర తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోనసీమలో ఆ రాత్రిని మరిచిపోయిన ఇల్లు ఉండదు. మళ్లీ అలాంటిదొస్తే కాకినాడ వైపు అలల మొదటి దెబ్బ కాసేది ఈ మేటే, దాని వెనక కోరంగి మడ అడవి.

ఇప్పుడు అసలు బెంగ చెబుతాను. ఈ మేటకు మేత గోదావరి ఇసుక. ఆ ఇసుక రావడం తగ్గింది. ధవళేశ్వరం దగ్గర 1970లలో ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు దిగేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నులకు లోపే. ఎగువన ఆనకట్టలు కట్టిన కొద్దీ ఒండ్రు జలాశయాల అడుగునే ఆగిపోతోంది. పోలవరం పూర్తయితే ఇంకొంత ఆగుతుంది. ప్రాజెక్టులు వద్దని నేను అనడం లేదు. గోదావరి నీళ్లతో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణి, ఆ మాట నా నోట రాదు. కానీ రాబడి పడిపోయిన దీవి మీద బరువు పెంచకూడదు కదా.

ఇసుక మేట ఒకచోట ఉండదు. ఒకవైపు తెగుతుంది, ఒకవైపు పెరుగుతుంది, తుపాను తుపానుకూ ఆకారం మార్చుకుంటుంది. కదలడమే దాని బతుకు. అక్కడ కాంక్రీటు పునాది పడిందంటే, నాలుగేళ్లకు సముద్రం దాని దగ్గరికొస్తుంది. అప్పుడు కట్టడాన్ని కాపాడ్డానికి గోడ కావాలంటారు. గోడ కట్టాక ఇసుక నడక తెగి, దాని పక్క ఒడ్డు కోతకు గురవుతుంది. దాన్ని కాపాడ్డానికి ఇంకో గోడ. ఈ వరస ఎలా సాగుతుందో మీకు వేరే చెప్పాలా? ఉప్పాడ మీ పిఠాపురం నియోజకవర్గంలోనిదే. అక్కడ జియోట్యూబ్ గోడ, అంటే ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచుల గోడ వేశారు, దెబ్బతింది. రాళ్లు పోశారు. అయినా పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు తెగుతూనే ఉంది, మత్స్యకారుల ఇళ్లు వరసలు వరసలుగా సముద్రంలో కలిసిపోయాయి.

2019 నాటి సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం ఒడ్డుకు దగ్గరున్న దీవుల్లో నిర్మాణ నిషేధం పోటు గీత, అంటే పోటు నీళ్లు చేరే హద్దు నుంచి 20 మీటర్లేనని కొందరు వాదిస్తారు. పోటు గీతే నిలకడగా లేనిచోట 20 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు? పైగా మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, ఇసుక దిబ్బలు అదే నోటిఫికేషన్‌లో అత్యంత కఠినమైన రక్షణ కిందికి వస్తాయి. ఈ దీవిలో ఆ మూడూ ఉన్నాయి.

తాబేళ్ల సంగతి కాస్త వివరంగా రాయాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా ఉంటాయి. నెలన్నర, రెండు నెలల తర్వాత రాత్రిపూట పిల్లలు బయటికొచ్చి, సముద్రం మీది వెలుతురును ఆనవాలు పట్టుకుని నీళ్లలోకి దిగుతాయి. ఒడ్డున విద్యుత్ దీపాలుంటే అవి దీపాల వైపు నడిచి, తెల్లారేసరికి ఎండకు, కాకులకు, కుక్కలకు బలవుతాయి. కాబట్టి పగలు ఎంత జాగ్రత్తగా నడిపిన రిసార్టయినా రాత్రి దీపం వెలిగిస్తే చాలు, నష్టం జరిగిపోతుంది. కాకినాడ తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చినప్పుడు విచారణకు ఆదేశించినది మీరే. ఆ పట్టింపు ఈ దీవి విషయంలోనూ చూపమని అడుగుతున్నాను.

చనిపోతున్న తాబేళ్లలో ట్రాలర్ల (పెద్ద మరపడవల) వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చేవే ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం మొదలయ్యేసరికి గుడ్లు పెట్టే కాలం దాటిపోతుంది. వలలో తాబేలు తప్పించుకునే పరికరం బిగిస్తే పట్టుబడి తగ్గుతుందని పడవ యజమానుల భయం. పరికరం ఖర్చు, మొదటి ఏళ్ల నష్టం ప్రభుత్వం పంచుకోకుండా జరిమానాలతోనే ఆ భయం పోదు. ఈ పరికరాలు వాడటం లేదనే కారణంతోనే 2019 నుంచి అమెరికా మన దేశపు సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. ఆ దెబ్బ కూడా చివరికి పడింది వేటగాళ్ల మీదే.

మడ అడవి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. తెల్లమడ, తిల్ల చెట్ల వేళ్ల మధ్యే రొయ్య పిల్లలు, పీతలు పెరుగుతాయి, నీటికుక్కలూ బావురు పిల్లులూ అక్కడే బతుకుతాయి. 2020లో దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల పేరుతో మడ చెట్లు కొట్టి మట్టి నింపితే, వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇల్లు కావాల్సిందే, దానికి మడ నేలే దొరికిందా అని ఆనాడే చాలామంది బాధపడ్డారు.

మీ నుంచి కోరేది ఇదీ. హోప్ ఐలాండ్ మీద శాశ్వత నిర్మాణం ఏదీ ఉండదని, రాత్రి బస ఉండదని, దీపాలు ఉండవని ఉత్తర్వు ఇవ్వండి. సందర్శకులు పగటిపూట, పరిమిత సంఖ్యలో, స్థానిక మత్స్యకారుల పడవల్లోనే వెళ్లి రావాలి. జనవరి నుంచి తాబేలు పిల్లలు సముద్రం చేరేదాకా అదీ ఆపాలి. రేవు కాలువ పూడిక తీసినప్పుడు వచ్చే ఇసుకను ఎక్కడ పోస్తున్నారో తేల్చి, కోత పడుతున్న ఒడ్డుకు చేర్చే వీలుందేమో చూడండి. దీవి ఒడ్డు గీతను ఏటా కొలిపించి ఆ పటాన్ని తెలుగులో అందరికీ అందుబాటులో పెట్టండి. అక్కడ పాకలు వేసుకుని వేట సాగించేవాళ్లను ఏ ప్రణాళిక పేరుతోనూ ఖాళీ చేయించకండి. ఆ ఇసుక ఏ నెలలో ఎటు జరుగుతుందో వాళ్లకు తెలిసినంతగా మనకెవరికీ తెలియదు.

వీటిలో దేని మీదైనా నిర్ణయం తీసుకునే ముందు ప్రజాభిప్రాయ సభ పెట్టించండి. కలెక్టరేట్‌లో కాకుండా కుంభాభిషేకం రేవు దగ్గర, వేట లేని రోజు చూసి పెట్టించండి. చెప్పాల్సినవాళ్లు అప్పుడు వస్తారు.

భవదీయుడు,
కాకినాడ నివాసి