వాహన కాలుష్య నిబంధనలు రాసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

లారీని దాటుదామని యాక్సిలరేటర్ నొక్కితే నా డీజిల్ కారు ఒక్క క్షణం ఆలోచనలో పడుతుంది. ఎదురుగా బండి వస్తుంటే ఆ క్షణం ఎంత టెన్షనో! మెకానిక్ విప్పి చూపించాడు. ఈజీఆర్ వాల్వ్ నిండా తారులా గట్టిపడిన మసి. సరిగ్గా మూసుకోవడమే లేదు.

ఈ వాల్వ్ పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతుంది. దాంతో ఆక్సిజన్, మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లనే హానికర వాయువులు తక్కువ పుడతాయి. మసి మాత్రం పెరుగుతుంది. దాన్ని పట్టడానికి మళ్లీ ఒక ఫిల్టర్! అందులో చేరిన మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండికి అంత వేడి ఎక్కడిది?

యూరప్ కాలుష్య నిబంధనల్లో డీజిల్ కార్లకు యూరో 5లో కిలోమీటరుకు 180 మిల్లీగ్రాములున్న నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి యూరో 6లో 80కి దిగింది. దిగాల్సిందే, ఆ గాలి పీల్చేది మేమే కదా. వాల్వ్‌ను శాశ్వతంగా మూయించేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు.

నేను అడిగేదల్లా, కొత్త బండి పరీక్షతోనే ఆపకండి. వాల్వ్, ఫిల్టర్ రెండింటికీ ఎక్కువ కాలం వారంటీ తప్పనిసరి చేయండి. సులువుగా విప్పి కడిగేలా అమర్చమనండి. చిన్న దూరాలకు ఈ బండి సరిపడదని అమ్మేముందే చెప్పించండి.

ఇట్లు,
ఒక డీజిల్ కారు యజమాని