‘అదృష్ట సంఖ్య’ అచ్చు వేయడం ఆపండి

సంపాదకుల వారికి నమస్కారం.

గుంటూరులో మట్కా, అంటే ఏ అంకె పడుతుందో అని డబ్బు కట్టే జూదం, చీటీలు రాసేవాళ్లను పట్టుకున్నారని, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు స్వాధీనం చేసుకున్నారని మీ జిల్లా పేజీలో తరచూ చదువుతుంటాను. అదే రోజు పేపర్లో రాశిఫలాల కింద ఒక్కో రాశికీ ‘అదృష్ట సంఖ్య’ కూడా ఉంటుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తాను. ఇరవై రెండేళ్లుగా బస్తాలు మోసే ముఠా వాళ్ల కూలి లెక్కలు రాస్తున్నాను. పొద్దున్నే టీ కొట్టు దగ్గర మీ పేపరు చేతులు మారుతుంటే అన్నిటికన్నా ముందు నలిగేది రాశిఫలాల పేజీయే. ‘సింహం, మూడు’ అని ఒకరు పైకి చదువుతారు. ఇంకొకరు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకుంటారు. మధ్యాహ్నానికల్లా ఆ మూడు మీద యాభయ్యో, వందో పడుతుంది.

అంకె ఎంచుకోవడానికి మనిషికి ఏదైనా చాలు. టిక్కీల (మిర్చి బస్తాల) లాట్ నంబరు, గేట్లోకి మొదట వచ్చిన లారీ నంబరు, కొడుకు పుట్టిన తేదీ. 334 రకం మిరపకాయకు మంచి ధర పలికిన రోజు మూడంకెల ఆటలో అదే నంబరు కట్టినవాళ్లను చూశాను. తండ్రి పోయిన తేదీ కట్టి, అది తగిలితే ఆయన దీవెనేనని ఏడ్చినవాణ్ణీ చూశాను. వీళ్లెవరూ తెలివితక్కువవాళ్లు కారు. ఎన్ని టిక్కీలు మోశారో, ఎంత కూలి రావాలో నోటి లెక్కతో నిమిషంలో చెప్పేస్తారు. అందుకే వీళ్లది ఉత్త దురాశ అంటే నేను ఒప్పుకోను. తాము లెక్క వేసే కడుతున్నామని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతారు.

కిందటి సీజన్లో మా దగ్గర పనిచేసే ఒకతను వారంలో మూడుసార్లు అడ్వాన్సు అడిగాడు. మూడోసారి గట్టిగా నిలదీస్తే అసలు సంగతి బయటపెట్టాడు. “గుమస్తాగారూ, ఏడు అంకె పడి ఇరవై రోజులైంది. ఇంక రాక ఎక్కడికి పోద్ది? యాభైతో మొదలుపెట్టి రోజుకి రెట్టింపు కడతన్నా” అన్నాడు. జేబులోంచి చార్టు తీశాడు. నెల రోజుల ఫలితాలు, గళ్లు గీసి, ఎర్ర ఇంకుతో ఎంతో శుభ్రంగా రాసి ఉన్నాయి. ఏడు రోజుల్లో అతనికి 6,350 రూపాయలు పోయాయి. ఎనిమిదో రోజున 6,400 కట్టాలి. అందుకే నా దగ్గరికి వచ్చాడు.

ఆ రాత్రి మా అమ్మాయికి చెప్పాను. తను మనస్తత్వ శాస్త్రం చదువుతోంది. కాగితం తీసుకుని లెక్క వేసి చూపించింది. పది అంకెల్లో ఏదో ఒక అంకెను తీసుకుంటే, అది వరసగా 20 ఆటల్లో ఒక్కసారీ పడకపోయే అవకాశం నూటికి 12. అంకెలు పది ఉన్నాయి గనక, ఏ రోజు చార్టు తిరగేసినా ఇరవై ఆటలుగా మొహం చూపని అంకె సగటున ఒకటైనా ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. ఆ అంకె ఎవరికీ బాకీ పడలేదు. ఇరవై ఒకటో ఆటలోనూ దానికున్నది పదింట ఒక వంతే. మట్కా అంటే కుండ. 1960లలో బొంబాయిలో కుండలోంచి చీటీలు తీసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. నిన్న ఏ చీటీ వచ్చిందో కుండకు గుర్తుండదు.

ఇది మన కూలీలకే ఉన్న జబ్బు అనుకోవద్దు. ఇటలీ ప్రభుత్వ లాటరీలో వెనిస్ డ్రాలో 2003 మే తర్వాత 53 రావడం మానేసింది. ఇక రాక తప్పదని దేశమంతా దాని మీద పడింది. 182 డ్రాలు అలాగే గడిచి, 2005 ఫిబ్రవరి 9న ఆ అంకె వచ్చింది. ఈలోపు దాని మీద 350 కోట్ల యూరోలకు పైగా కట్టారు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు.

మా అమ్మాయి చెప్పినవాటిలో నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. ఎలెన్ లాంగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. డాలరు లాటరీ టికెట్లను కొందరికి తామే ఏరుకోమన్నారు, మిగతావారికి ఏదో ఒకటి చేతిలో పెట్టారు. డ్రాకు ముందు, ఆ టికెట్టు ఎంతకు తిరిగి ఇస్తారని అడిగారు. చేతిలో పెట్టించుకున్నవాళ్లు సగటున రెండు డాలర్ల లోపే అడిగారు. ఏరుకున్నవాళ్లు ఎనిమిదిన్నర డాలర్ల పైన అడిగారు. గెలిచే అవకాశం అందరికీ ఒక్కటే. ఇది విన్నాక మా యార్డు బయట చీటీ రాసేవాడు గుర్తొచ్చాడు. వాడు ఎప్పుడూ తానుగా అంకె చెప్పడు. “నీ ఇష్టం అన్నా, నువ్వే చెప్పు” అంటాడు. అంకె మనం చెప్పగానే అది మన సొంతమైపోతుంది, దాన్ని వదలబుద్ధి కాదు. ఏడు కడితే ఎనిమిది పడిందనుకోండి, ‘ఒక్కటిలో పోయింది’ అని మర్నాడు మళ్లీ కడతారు. రెండు పడినా, ఎనిమిది పడినా పోయిన డబ్బు పోయినట్టేగా!

ఇక చెల్లింపు. రూపాయికి తొమ్మిది ఇస్తామంటారు. పది అంకెల మీదా పదేసి రూపాయలు కడితే 100 అవుతుంది, చేతికి వచ్చేది 90. ఆట నిజాయతీగా నడిస్తేనే ఇది. ఫోన్లో వచ్చే ఆ ఫలితాన్ని ఎక్కడ ఎవరు తీస్తున్నారో చూసినవాడు నాకింతవరకు కనబడలేదు. జనం ఎక్కువగా కట్టిన అంకెను తప్పించేయడానికి వాళ్లకు అడ్డేముంది?

చట్టాలు లేక కాదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటలనూ మన రాష్ట్రం నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. పోలీసుల పని పోలీసులు చేస్తున్నారు. జేబులో చార్టు పెట్టుకుని తిరిగేవాడికి ఆ లెక్క తప్పని ఎవరు చెబుతున్నారు?

మిమ్మల్ని కోరేది ఒకటే. రాశిఫలాలు వేయండి, మా ఇంట్లోనూ చదువుతారు. ‘అదృష్ట సంఖ్య’ మాత్రం తీసేయండి. మీరు ఊరికే నింపిన గడి కావచ్చు, టీ కొట్టు దగ్గర మాత్రం అది పేపరువాళ్లు చెప్పిన అంకె.

బడుల్లో లెక్కల మాస్టార్లకు కూడా ఒక మనవి. పదో తరగతిలో సంభావ్యత పాఠం నాణెంతో, పాచికతో చెబుతున్నారు. ఒక్కసారి కుండతో చెప్పండి. పది చీటీలు వేసి, రోజుకొకటి తీసి, మళ్లీ అందులోనే వేసి, నెల రోజుల ఫలితాలను పిల్లల చేతే గోడ మీద రాయించండి. రేపు ఏ అంకె వస్తుందో ముందు రోజే వాళ్లను ఊహించి రాయమనండి. నాన్న పంపితే చీటీ కట్టి వచ్చే పిల్లలు మా పేటలోనే ఉన్నారు, వాళ్లే ఆ చార్టును ఇంటికి పట్టుకెళ్లి చూపిస్తారు. యార్డు చుట్టుపక్కల ఏ బడివారు సరేనన్నా, సెలవు రోజున కుండ, చీటీలు నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక కమీషన్ కొట్టు గుమస్తా,
గుంటూరు